టార్ అన్న పేరు ఒక్కటే, లోపల ప్రోగ్రాములు నాలుగు: తెలుగు ఫైల్ పేర్లతో ఒక రివ్యూ

మధురవాడలో ఏదో ఒక చిన్న ఆఫీసు అనుకోండి. సర్వర్‌లో ఉబుంటు లైనక్స్, డిజైనర్ దగ్గర మ్యాక్‌బుక్, మూలన ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే స్టోరేజ్ పెట్టె, రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, కంటైనర్లలో ఆల్పైన్. ఈ ఐదింటిలో ఎక్కడ ‘టార్’ (ఫైళ్లన్నీ ఒక మూటగా కట్టి, మళ్లీ విప్పే కమాండ్) అని కొట్టినా ఏదో ఒకటి నడుస్తుంది. నడిచేది మాత్రం ఒకటే కాదు. ఉబుంటులో గ్నూ టార్. మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో లిబ్‌ఆర్కైవ్ అన్న లైబ్రరీ మీద కట్టిన బీఎస్‌డీటార్. రూటర్‌లో, ఆల్పైన్‌లో బిజీబాక్స్ (చాలా కమాండ్లు ఒకే చిన్న ప్రోగ్రాంలో కుదించినది) లోపలి టార్. ఫైర్‌వాల్‌గా ఓపెన్‌బీఎస్‌డీ పెట్టుకుంటే అక్కడిది నాలుగోది, పాక్స్ అన్న ఇంకో మూట కట్టే ప్రోగ్రాం కోడ్‌లోంచి వచ్చిన టార్. విండోస్ 10లో కూడా 1803 వెర్షన్ నుంచి బీఎస్‌డీటారే వస్తోంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, బ్యాకప్ ఇంకో ఊళ్లో ఉండాలని విశాఖవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంకో ఊరంటే ఇంకో మెషీన్, చాలాసార్లు ఇంకో ఓఎస్. అక్కడ విప్పలేని మూట ఉన్నా లేనట్టే. అందుకే ఈ నాలుగింటినీ వేగం చూసి తూచలేదు. ఒకచోట కట్టినది ఇంకోచోట పేర్లు చెడకుండా విప్పుకుంటుందా అన్నదే చూశాం. ఖర్చు దేనికీ పైసా లేదు.

ముందే చెప్పేస్తాం: విప్పడానికి బీఎస్‌డీటార్‌కి సాటి లేదు. కట్టడానికి గ్నూ టార్, కాకపోతే ఫార్మాట్ ఏదో మీరే చెప్పి. దాని డిఫాల్ట్‌కి వదిలేస్తే కాదు.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. క్యాపిటల్ అని చెప్పనిచోట అన్నీ చిన్నక్షరాలే.

100 బైట్ల గడి

టార్ 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో బయటికొచ్చింది. ప్రతి ఫైల్‌కీ ముందు 512 బైట్ల హెడర్ (ఫైల్ వివరాల చీటీ), అందులో పేరుకి 100 బైట్ల గడి. 1988లో పోజిక్స్ (యూనిక్స్‌ల ఉమ్మడి ప్రమాణం) దానికి యూస్టార్ అన్న రూపం ఇచ్చి, ముందున్న ఫోల్డర్ దారి కోసం ఇంకో 155 బైట్ల గడి కలిపింది. ఈ రెండు గడుల మధ్య పేరుని స్లాష్ దగ్గర మాత్రమే విరవొచ్చు. అంటే ఫోల్డర్ దారి ఎంత పొడుగున్నా సర్దుకోవచ్చేమో గానీ, ఒక్క ఫైల్ పేరే 100 బైట్లు దాటితే యూస్టార్‌లో దానికి చోటు లేదు.

ఇంగ్లిష్ పేర్లకు 100 బైట్లు ధారాళం. తెలుగుకి కాదు. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్ నంబర్ ఉన్న గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. గుణింతం గుర్తు విడిగా 3, పొల్లు విడిగా 3, సున్నా విడిగా 3. ‘విశాఖపట్నం’ అన్న మాట కంటికి ఐదక్షరాలే, డిస్క్ మీద 10 కోడ్‌పాయింట్లు, 30 బైట్లు. ఏ ఫైల్ పేరైనా 33 కోడ్‌పాయింట్లకు గడి నిండిపోయినట్టే.

సింహాచలంలో అక్షయ తృతీయ నాటి ఫోటో ఒకటి తీసుకుందాం. పేరు ‘సింహాచలం చందనోత్సవం నిజరూప దర్శనం’, వెనక జేపీజీ ఎక్స్‌టెన్షన్. మాటలు నాలుగూ కలిపి 30 కోడ్‌పాయింట్లు, 90 బైట్లు. ఖాళీలు 3. చుక్కతో సహా ఎక్స్‌టెన్షన్‌కి 4. మొత్తం 97. మూడు బైట్ల తేడాతో గడిలో పట్టింది. అదే ఫోటోకి చివర ‘-2024’ తగిలిస్తే 102. అప్పుడు గ్నూ టార్‌కి యూస్టార్ ఫార్మాట్ ఇస్తే, పేరు మరీ పొడుగు, విరవడం కుదరదు, ఎక్కించలేదు అని ఒక వరుస రాసి, ఆ ఫైల్‌ని వదిలేసి మిగతావి కట్టుకుంటూ పోతుంది. చివర్న ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె, సున్నా అంటే అంతా సరే) 2 ఇస్తుంది. స్క్రిప్ట్‌లో ఆ కోడ్ చూడకపోతే మూట తయారైనట్టే కనిపిస్తుంది, ఫోటో మాత్రం అందులో ఉండదు.

యూస్టార్ ఇంత మొరటుగా ఉంటే గ్నూ తన సొంత ఫార్మాట్‌తో (దాని డిఫాల్ట్ ఇదే) ఈ చిక్కు విప్పుకుంది. పేరు పొడుగైతే ముందు ‘లాంగ్‌లింక్’ అన్న దొంగ ఫైల్ ఒకటి పెట్టి, అందులో పూర్తి పేరు రాస్తుంది. ఆ తర్వాత వచ్చే అసలు హెడర్‌లో పేరు కత్తిరించి ఉంటుంది. గ్నూ టార్, బీఎస్‌డీటార్, బిజీబాక్స్ మూడూ దీన్ని చదువుతాయి. ఈ పొడిగింపు తెలియని పాత సొలారిస్ టార్ లాంటివి చదవవు. వాటికి లాంగ్‌లింక్ మామూలు ఫైల్‌లా కనబడుతుంది, అసలు ఫైల్ కత్తిరించిన పేరుతోనే దిగుతుంది.

నష్టం ఎక్కడ జరుగుతుందంటే, పై ఫోటోల పేర్లు ‘...దర్శనం-2024-01’ నుంచి ‘-09’ దాకా ఉన్నాయనుకోండి. దర్శనం దాకా 93 బైట్లు. గడిలో మిగిలింది 7. అందులో పట్టేది ‘-2024-0’ వరకే. తొమ్మిది ఫోటోలకీ ఒకటే పేరు. ఒకదాని మీద ఒకటి దిగి చివరిదొక్కటే మిగులుతుంది. ఎర్రర్ ఏదీ రాదు. నంబర్ పేరు చివర పెట్టే అలవాటు మనకి ఎక్కువ కాబట్టి, ఫోటోలు పంపేవాళ్లకి ఇది గట్టి హెచ్చరిక: పాత యూనిక్స్‌కి వెళ్లే మూటల్లో నంబర్‌ని పేరు ముందుకి తెండి.

2001 పోజిక్స్‌లో వచ్చిన పాక్స్ ఫార్మాట్ వీటన్నిటికన్నా పద్ధతైనది. అసలు హెడర్ ముందు అదనపు హెడర్ ఒకటి పెట్టి, పేరు, సైజు, టైము ఎంత పెద్దవైనా యూటీఎఫ్-8లో రాస్తుంది. అర్థం కాని పాత టార్ దాన్ని ‘పాక్స్‌హెడర్స్’ అన్న ఫోల్డర్‌లో చిన్న చిన్న చెత్త ఫైళ్లుగా దింపుతుంది. అవి కనిపిస్తే కంగారు అక్కర్లేదు, తుడిచేస్తే సరి. అయితే 100 బైట్లు దాటిన పేర్లు ఆ పాత టార్‌లో ఇక్కడా సరిగ్గా దిగవు.

ఇక్కడ బీఎస్‌డీటార్ తెలివి మెచ్చుకోవాలి. దాని డిఫాల్ట్ ‘రిస్ట్రిక్టెడ్ పాక్స్’. మామూలు పేరైతే యూస్టార్‌గానే రాస్తుంది, అవసరమైన ఫైల్‌కి మాత్రమే అదనపు హెడర్ పెడుతుంది. తెలుగు పేరు ఉంటే అది అవసరం కిందే లెక్క, కాబట్టి ఒక్కో ఫైల్‌కి కనీసం 1024 బైట్లు ఎక్కువ. లక్ష ఫోటోలకి సుమారు 100 ఎంబీ. జీజిప్‌తో కుదించాక అందులో చాలావరకు కరిగిపోతుంది. గ్నూ టార్‌లో పోజిక్స్ ఫార్మాట్ అడిగితే అది ఇంత ఆలోచించదు. టైములు సెకన్ల కంటే సూక్ష్మంగా రాయాలని ప్రతి ఫైల్‌కీ అదనపు హెడర్ పెట్టేస్తుంది.

ఒక్కో టూల్ గురించి

గ్నూ టార్‌లో ఆప్షన్లకి కొదవ లేదు. --సార్ట్=నేమ్ తో ఫైళ్లు వరుసగా ఎక్కుతాయి (1.28 నుంచి ఉంది). దానికి --ఎంటైమ్, --ఓనర్=0, --గ్రూప్=0, --న్యూమరిక్-ఓనర్ కలిపి, అవుట్‌పుట్‌ని జీజిప్ -ఎన్ గుండా పంపితే గ్నూ సొంత ఫార్మాట్‌లో రెండుసార్లు కట్టినా బైట్ తేడా లేకుండా ఒకే మూట వస్తుంది. --సార్ట్ బీఎస్‌డీటార్‌లో లేదు. ఈ ఆప్షన్లు స్క్రిప్ట్‌లో పెట్టి మ్యాక్‌కి తీసుకెళితే మొదటి వరుసలోనే ఆగిపోతుంది. మ్యాక్‌లో బ్రూ (ప్యాకేజీలు వేసే టూల్) ద్వారా గ్నూ-టార్ వేసుకోండి, ‘జీటార్’ అన్న పేరుతో వస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీ పేరే జీటార్.

గ్నూలో మాకు నచ్చనివి రెండు. ఒకటి, -ఓ అక్షరానికి రెండు అర్థాలు. విప్పేటప్పుడు ‘యజమానిని మార్చకు’ అని, కట్టేటప్పుడు ‘పాత ఏడో ఎడిషన్ ఫార్మాట్‌లో రాయి’ అని. అలవాటు కొద్దీ కట్టేటప్పుడు కూడా -ఓ పెట్టేస్తే పొడుగు తెలుగు పేర్ల సంగతి పైన చెప్పినట్టే అవుతుంది. --నో-సేమ్-ఓనర్ అని పూర్తిగా రాస్తే ఈ గొడవ ఉండదు. రెండోది, పైపులోంచి (ఇంకో కమాండ్ నుంచి నేరుగా) వచ్చే మూట కంప్రెస్ అయి ఉందో లేదో అది తనంతట తాను పట్టుకోదు. ఫైల్ అయితే పట్టుకుంటుంది, పైపు అయితే ‘-జెడ్ వాడండి’ అని చెప్పి ఆగిపోతుంది.

బీఎస్‌డీటార్‌కి ఆ బాధ లేదు. పైపు అయినా ఫైల్ అయినా జీజిప్, ఎక్స్‌జెడ్ ఏదో తనే చూసుకుంటుంది. టార్‌తోపాటు సీపీఐఓ, జిప్, ఐఎస్‌ఓ ఇమేజ్ కూడా అదే -ఎక్స్ఎఫ్ తో విప్పుతుంది. ఎవరో పంపిన అంతుచిక్కని మూట విప్పడానికి ఉబుంటులో లిబ్‌ఆర్కైవ్-టూల్స్ అన్న ప్యాకేజీ వేసుకుని బీఎస్‌డీటార్ అని కొట్టి చూడండి. విప్పేటప్పుడు కొటేషన్లలో నక్షత్రం గుర్తు ఇస్తే సరిపోలిన ఫైళ్లు తీస్తుంది. గ్నూలో దానికి --వైల్డ్‌కార్డ్స్ అని విడిగా చెప్పాలి, లేకపోతే అలాంటి ఫైల్ మూటలో లేదంటుంది.

లోటు: క్రాన్‌లో (వేళకి స్క్రిప్టులు నడిపేది) నడిచేటప్పుడు లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) ‘సీ’, అంటే ఉత్త ఇంగ్లిష్, అయిపోతుంది కదా, అప్పుడు పాక్స్ మూటలోని తెలుగు పేర్ల దగ్గర ‘పేరుని ప్రస్తుత లొకేల్‌లోకి మార్చలేను’ అని గొణుగుతుంది, ఎగ్జిట్ కోడ్ సున్నా రాదు. స్క్రిప్ట్ మొదట్లో ఎల్‌సీ_ఆల్ వేరియబుల్‌కి సీ.యూటీఎఫ్-8 పెట్టండి. మ్యాక్‌లో ఈఎన్_యూఎస్.యూటీఎఫ్-8 క్షేమం. గ్నూ టార్‌లో లొకేల్ ‘సీ’ అయితే లిస్టింగ్‌లో ‘వ’ బదులు \340\260\265 అని అంకెలు కనిపిస్తాయి. పేరు చెడిపోయిందని భయపడకండి, అది చూపించే తీరు మాత్రమే. లోపలి బైట్లు అలాగే ఉన్నాయి.

బిజీబాక్స్ టార్ విప్పడానికి పర్వాలేదు. ఏ ఆప్షన్లు ఉంటాయో కంపైల్ చేసినవాళ్ల ఇష్టం కాబట్టి రూటర్‌లో ఉన్నది కంటైనర్‌లో ఉండాలని లేదు. బ్యాకప్ కట్టే పని దానికి అప్పగించకండి. ఆల్పైన్‌లో ఏపీకే యాడ్ టార్ అంటే గ్నూ టార్ వచ్చేస్తుంది.

ఓపెన్‌బీఎస్‌డీ టార్‌లో రెండు హైఫన్ల పొడుగు ఆప్షన్లే లేవు. --వెర్షన్ అన్నా తిట్టే దిక్కు. --స్ట్రిప్-కాంపొనెంట్స్ (విప్పేటప్పుడు ముందున్న ఫోల్డర్లు తీసేసేది) కి బదులు -ఎస్ తో పేరు మార్చే సూత్రం రాయాలి. ఫైళ్ల జాబితా ఇవ్వడానికి గ్నూలో -క్యాపిటల్ టీ, ఇక్కడ -క్యాపిటల్ ఐ. గ్నూలో -ఎస్ అంటే పూర్తిగా వేరే సంగతి. ఒకే స్క్రిప్ట్ రెండుచోట్లా నడవాలంటే ఈ మూడింటి జోలికి పోకపోవడమే మేలు.

ఎక్కడైనా నడిచే వరుసలు

కట్టడానికి:

టార్ -సీఎఫ్ - ఫోటోలు | జీజిప్ -ఎన్ > ఫోటోలు.టార్.జీజెడ్

విప్పడానికి:

జీజిప్ -డీసీ ఫోటోలు.టార్.జీజెడ్ | టార్ -ఎక్స్ఎఫ్ -

పాతకాలపు పద్ధతిలా ఉన్నా నాలుగు టార్‌లూ దీన్ని ఒప్పుకుంటాయి, -జెడ్ లేని ఏఐఎక్స్ (ఐబీఎం యూనిక్స్) టార్‌తో సహా. చివరి హైఫన్ మరవకండి. -ఎఫ్ ఇవ్వకపోతే ఉబుంటులో టార్ పైపుకి రాస్తుంది గానీ, ఫ్రీబీఎస్‌డీలో, ఓపెన్‌బీఎస్‌డీలో టేప్ డ్రైవ్ కోసం వెతుక్కుంటుంది. ఇప్పుడు టేప్ డ్రైవ్ ఎవరి దగ్గరుంది!

గ్నూ టార్‌తో కడుతుంటే -సీఎఫ్ ముందు --ఫార్మాట్=పాక్స్ కలపండి. అవతల పాత యూనిక్స్ ఉందని తెలిస్తే --ఫార్మాట్=యూస్టార్ పెట్టి, ఎగ్జిట్ కోడ్ తప్పకుండా చూడండి. పైన చెప్పిన పైపు వరుసలో చివరిదైన జీజిప్ కోడే షెల్‌కి అందుతుంది, టార్ ఫెయిలైన సంగతి అందదు. కాబట్టి యూస్టార్ పరీక్షకి పైపు లేకుండా ముందు .టార్ ఫైల్‌గా కట్టి, కోడ్ చూసుకుని, తర్వాత జీజిప్ చేయండి. కోడ్ 1 వస్తే చదువుతుండగా ఏదో ఫైల్ మారిందని, 2 అయితే ఏదో ఫైల్ ఎక్కలేదని లేదా అంతకన్నా పెద్ద తప్పని. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఇంకో చిన్న పొరపాటు చాలా టెర్మినల్స్‌లో కనబడుతుంది: టార్ -సీఎఫ్‌జెడ్ ఫోటోలు.టీజీజెడ్ ఫోటోలు. హైఫన్ పెట్టాక -ఎఫ్ వెనక ఏముంటే అదే ఫైల్ పేరు. ఇక్కడ దాని వెనకున్నది జెడ్. అందుకని ‘జెడ్’ అన్న పేరుతో కంప్రెస్ కాని మూట ఒకటి తయారవుతుంది, ఫోటోలు.టీజీజెడ్ అన్న ఫైల్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. హైఫన్ తీసేసి కొడితే అదే వరుస బాగానే నడుస్తుంది, తప్పు దొరక్కపోవడానికి కారణం కూడా అదే. ఎఫ్ ఎప్పుడూ చివర ఉంచండి.

సైజు విషయం. యూస్టార్‌లో సైజుకి 11 ఆక్టల్ అంకెలు, అంటే 8589934591 బైట్లు దాటిన ఫైల్ ఎక్కదు. పెళ్లి వీడియో ఒక్కటి చాలు 8 జీబీ దాటడానికి. యూజర్ నంబర్ 2097151 దాటినా ఇదే తంతు. డైరెక్టరీ సర్వర్‌తో కలిపిన ఆఫీసుల్లో అంతకన్నా పెద్ద నంబర్లు మామూలే. పాక్స్‌లో ఈ రెండు హద్దులూ ఉండవు.

గ్నూలో -క్యాపిటల్ ఎస్ పెట్టి వర్చువల్ మెషీన్ డిస్కులు కడితే ఖాళీ భాగాలు వదిలేసి మూట చిన్నదవుతుంది. పాక్స్ ఫార్మాట్‌లో అలా కట్టినది, ఈ సంగతి తెలియని టార్‌తో విప్పితే ‘గ్నూస్పార్స్‌ఫైల్’ తో మొదలయ్యే ఫోల్డర్‌లో ఉపయోగపడని ముద్దగా దిగుతుంది. అవతల ఏముందో తెలియనప్పుడు ఈ ఆప్షన్ వద్దు.

కంప్రెషన్‌కి జీజిప్ చాలు. జెడ్‌స్టాండర్డ్ వేగం నిజమే, గ్నూ టార్‌లో 1.31 నుంచి ఉంది కూడా. కానీ అవతలి పెట్టెలో అది ఉందని ఎవరు హామీ ఇస్తారు?

మ్యాక్‌తో రెండు తలనొప్పులు

మ్యాక్‌లో కట్టిన మూట లైనక్స్‌లో విప్పితే ప్రతి ఫోటో పక్కనా ‘._’ తో మొదలయ్యే కవల ఒకటి దిగొచ్చు. అది యాపిల్ తన అదనపు సమాచారం దాచుకునే ఫైల్. చూపుకి కనబడదు గానీ, ఫైండ్‌తో ఫోటోలన్నీ ఏరి చిన్నవి చేసే స్క్రిప్ట్ దాన్ని కూడా ఫోటో అనుకుని దాని దగ్గర బోర్లా పడుతుంది. కట్టేముందు కాపీఫైల్_డిసేబుల్=1 (అన్నీ క్యాపిటల్స్) అని ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టండి, లేదా --నో-మ్యాక్-మెటాడేటా ఇవ్వండి. ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు కూడా అక్కర్లేకపోతే --నో-ఎక్స్ఆట్రిబ్స్ చేర్చండి (ఎక్స్ఏటీటీఆర్‌ఎస్ అని టైప్ చేయాలి). లేకపోతే గ్నూ టార్ విప్పుతూ ‘తెలియని కీవర్డ్’ అని వందల వరుసలు కక్కుతుంది. ఫైళ్లకి ఏమీ కాదు. అసలు ఎర్రర్ ఆ వరదలో కనబడకుండా పోవడమే ప్రమాదం. అప్పటికే చేతికొచ్చిన మూటకి --వార్నింగ్=నో-అన్‌నోన్-కీవర్డ్ వాడండి.

రెండోది అచ్చంగా తెలుగువాళ్ల సమస్య. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు ఫైల్ పేర్లను విడదీసి దాచేది. యూనికోడ్ ప్రకారం తెలుగులో అలా విడిపోయేది ఒక్క ఐత్వమే: ‘ై’ కాస్తా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు తోక అని రెండవుతుంది. కాబట్టి ‘కైలాసగిరి’ మామూలుగా 9 కోడ్‌పాయింట్లు, 27 బైట్లు. విడదీస్తే 10, 30 బైట్లు. ఆ రూపంలోనే మూటలోకి ఎక్కి లైనక్స్‌లో దిగితే, అప్పటికే ఉన్న కైలాసగిరి ఫోల్డర్ పక్కన ఇంకో కైలాసగిరి తేలుతుంది. కంటికి తేడా తెలియదు, ట్యాబ్ కొడితే రెండూ కనిపిస్తాయి. ఎల్ఎస్ అవుట్‌పుట్‌ని ఓడీ -సీ గుండా పంపి బైట్లు లెక్కపెడితే బండారం బయటపడుతుంది. మందు కన్వ్‌ఎంవీ (ఫైల్ పేర్ల ఎన్‌కోడింగ్ మార్చే టూల్): -ఎఫ్ యూటీఎఫ్8 -టీ యూటీఎఫ్8 --ఎన్ఎఫ్‌సీ -ఆర్ అని ముందు ఉత్తుత్తిగా నడిపి చూసి, సరే అనిపిస్తే --నోటెస్ట్ కలపండి. ఆ పేరుతో ఫోల్డర్ ముందే ఉంటే మాత్రం చేత్తో కలుపుకోవాల్సిందే.

మిగతావి, క్లుప్తంగా

పాక్స్ అన్న కమాండ్ (ఫార్మాట్ కాదు) టార్, సీపీఐఓల తగువు తీర్చడానికి పోజిక్స్ తెచ్చినది. కాగితం మీద ప్రమాణం అదే, 2001 పోజిక్స్‌లో టార్‌కి చోటే లేదు. కానీ ఉబుంటులో విడిగా వేసుకుంటేనే ఉంటుంది, కాబట్టి ‘ఎక్కడైనా ఉంటుంది’ అన్న మాట దానికి చెల్లదు.

సీపీఐఓ ఇప్పుడు లైనక్స్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేటప్పుడు వాడే తాత్కాలిక ఫైళ్ల మూట) కోసం, ఆర్‌పీఎం ప్యాకేజీల లోపల బతుకుతోంది. అక్కడ వాడే న్యూసీ రూపంలో సైజుకి 8 హెక్స్ అంకెలే, ఫైల్‌కి 4 జీబీ లోపే. బ్యాకప్‌కి తేవద్దు.

జిప్ కస్టమర్లకి పంపడానికి. యూనిక్స్ యజమాని, పర్మిషన్ల సంగతి దాని మీద వదలకూడదు. పాత డాస్ టైము గడి రెండు సెకన్లకోసారే కదులుతుంది. తెలుగు పేర్లు క్షేమంగా వెళ్లాలంటే లోపల యూటీఎఫ్-8 జెండా వేసే టూల్‌తోనే కట్టాలి.

మూట పంపాక సరిచూడటానికి గ్నూలో -డీ ఉంది గానీ బీఎస్‌డీటార్‌లో లేదు. ఫైల్‌ని సరిచూసే సంఖ్య (చెక్‌సమ్) తీసే కమాండ్‌కి షా256సమ్ లైనక్స్ పేరు, ఫ్రీబీఎస్‌డీలో షా256, మ్యాక్‌లో షాసమ్ -ఏ 256. మూడుచోట్లా ఒకే పేరుతో దొరికేది సీకేసమ్. దారిలో చెడిందో లేదో చూడటానికి చాలు, ఎవరైనా కావాలని మార్చారా అన్నదానికి చాలదు. దానితోపాటు -టీఎఫ్ లిస్ట్‌ని డబ్ల్యూసీ -ఎల్ కి పంపి వరుసలు లెక్కపెట్టి, కట్టినచోట ఫైండ్ ఇచ్చే లెక్కతో పోల్చండి. ఈ లెక్క కట్టిన టార్‌తో కాకుండా ఇంకో టార్‌తో తీయండి. ఉబుంటులో కట్టింది బీఎస్‌డీటార్‌తో, మ్యాక్‌లో కట్టింది జీటార్‌తో. చందనోత్సవం ఫోటోలు తొమ్మిది ఉన్నచోట ఒకటే దిగిందని తెలియాలంటే మాత్రం విప్పినచోట కూడా ఫైండ్‌తో లెక్కపెట్టాల్సిందే.